పన్నెండు పౌన్ల నియమం

ఇప్పుడు నా బరువు నూట పద్దెనిమిది పౌన్లు. పదేళ్ల కిందటి చలికాలంలో తొంభై ఒకటి. మధ్యలో ఉన్న ఆ ఇరవై ఏడు పౌన్లు నాకెట్లా వచ్చాయో రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కొన్ని పాలవల్ల, గుడ్లవల్ల వచ్చాయి. కొన్ని సూదులవల్ల వచ్చాయి. అయితే అవి రావడానికి ముందు ఒక మంచం ఖాళీ కావలసి వచ్చింది. ఈ రాత ఆ మంచం గురించి.

నేను బడికి పోలేదు. తాండూరు నాపరాతి గనుల్లో బండలు కొలవడం నా పని. లెక్కలు రాసే మునిషి పట్టే టేపుకు రెండో కొస పట్టుకుని నిలబడి, ఆయన పైకి చదివిన అంకెలు విని లెక్క నేర్చుకున్నాను. అక్షరాలు తర్వాత వచ్చాయి. మా పనివాళ్లలో చాలామందికి అవి కూడా రాలేదు. అందుకని ప్రతివాడూ తాను తీసిన బండ మూలన ఉలితో తన గుర్తు కొడతాడు. ఒకడిది కోడికాలు, ఒకడిది అడ్డగీతలు. కొలతగాడు గుర్తు చూసి ఎవరి బండో పుస్తకంలో ఎక్కిస్తాడు. నా భార్య సంగమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు, మొగులప్ప. అతని గుర్తు మూడు నిలువు గీతలు, వాటి కింద ఒక చుక్క.

గనుల్లో దగ్గు కొత్త కాదు. దగ్గుతో నెత్తురు పడితే మాత్రం ఆ ఇంటి ముందు నుంచి జనం నడవడం మానేసేవారు. వాళ్ల చెంబు వేరు, వాళ్ల అరుగు వేరు. 1948 తర్వాత రోజులు మారి మా బండల పనివాళ్ల సంఘం కాస్త నిలదొక్కుకున్నాక, మొదట అడిగింది కూలి గురించి. రెండోది క్షయ గురించి. వికారాబాద్ పైన గుట్టల్లో గాలి మంచిదని అందరూ అనేవారు. ఆ గుట్ట వాలు మీద సంఘం తరఫున ఎనిమిది మంచాల ఇల్లు ఒకటి కట్టాలని తీర్మానం చేశారు. గోడలకు రాయి, నేలకు బండలు మావే. తలకొక బండ చొప్పున పనివాళ్లు ఇచ్చారు. అవి మూడు వందల పదహారు. రైలు డబ్బాలోకి ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నేనే లెక్కపెట్టాను.

మామూలుగా గుర్తున్న పక్క కిందికి పోయేట్టు బండ పరుస్తారు. ఇక్కడ గుర్తులు పైకి కనబడాలని మావాళ్లు పట్టుబట్టారు. మొగులప్ప తన బండ తానే మోసుకొచ్చి నా ముందు దించాడు.

"బావా, నా బండను మంచాల కింద ఎయ్యకు. గడప కాడ ఎయ్యి. తగ్గి ఇంటికి పోయెటోళ్లు దాని మీద కాలు పెట్టి పోవాలె."

"వచ్చెటోళ్లు గూడ దాని మీద్నే వస్తరు గదరా."

"నువ్వు ఏదన్నా చెప్తె రెండు దిక్కుల నుంచి లెక్కపెడ్తవ్. నీతోని మాట్లాడుడే తప్పు" అని నవ్వాడు. బండ గడప దగ్గరే పరిచాం.

1951లో మొదటి రోగులు వచ్చారు. ఏడాది తిరగకుండానే తగాదాలు మొదలయ్యాయి. తగ్గినవాడు ఇంటికి పోవడానికి భయపడి మంచం విడవడు. బయట దగ్గుతున్నవాడి అన్నదమ్ములు వచ్చి వరండాలో కూర్చుని లేవరు. ఎవరి గొంతు పెద్దదైతే వాడికి మంచం. సంఘం సభలో ఇది పెద్ద లొల్లి అయ్యింది. అప్పుడు నేను లేచి, లెక్క ప్రకారం పోదామన్నాను. అంతకు ముందు తగ్గి ఇంటికి పోయి మళ్లీ పడకుండా ఉన్నవాళ్ల బరువులు, అక్కడి డాక్టరు చెప్పినవి, నా దగ్గర రాసి ఉన్నాయి. చేరిన రోజు కంటే పన్నెండు పౌన్లు పెరిగి, జ్వరం లేనివాడు పోవాలి. జాబితాలో ముందున్నవాడు రావాలి. ఒకసారి పోయినవాడు మళ్లీ రావాలంటే జాబితా చివర నిలబడాలి. ఎవరి ముఖమూ చూడనక్కర లేదు, కాంటా చూస్తే చాలు.

అందరూ ఒప్పుకున్నారు. నేను ఆ రోజు చాలా పొంగిపోయాను. నెలకొక ఆదివారం తాండూరు నుంచి పొద్దుటి ప్యాసింజరులో వికారాబాద్ పోయి, అక్కడి నుంచి జట్కాలో గుట్టెక్కి, ఎనిమిది మందినీ తూచి రాయడం నాకు అప్పజెప్పారు. బస్తాలు తూచే పాత కాంటా ఒకటి సంఘానికి దొరికింది. దాన్ని నేనే సరిచేసి పెట్టాను. రిజిస్టరులో నాలుగు గడులు గీశాను: పేరు, తేదీ, బరువు, విశేషాలు. నాలుగో గడి నేను ఎప్పుడూ నింపలేదు. బరువు తప్ప విశేషం ఏముంటుందని.

1953 వేసవిలో మొగులప్పకు దగ్గు మొదలైంది. వానలు పడే నాటికి అతని వంతు వచ్చి మంచం దొరికింది, నాలుగో నంబరు. చేరిన రోజు ఎనభై ఎనిమిది పౌన్లు. అంటే వంద కావాలి.

అదే వేసవిలో నాకూ సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. నేను ఎవరికీ చెప్పకుండా జ్వరం రాసుకునేవాణ్ని. పన్నెండు రోజులు వరసగా రాసి, అప్పుడు సంఘానికి చెప్పి నా పేరు జాబితాలో ఎక్కించుకున్నాను. నాకు పదకొండో నంబరు వచ్చింది. ఇంట్లో సంగమ్మ పిల్లలు ముగ్గురినీ కొడంగల్‌లో తన తల్లి దగ్గరికి పంపింది. పోయే రోజు చిన్న బిడ్డ నా దగ్గరికి రాబోతే చెయ్యి పట్టి వెనక్కి లాగింది. లాగినందుకు తర్వాత గోడకు ఆనుకుని ఏడ్చింది. నా పళ్లెం వేరు పెట్టమని నేనే చెప్పాను. చెప్పాక ఆ పళ్లెంలో అన్నం దిగలేదు.

పని మాత్రం మానలేదు. నెలనెలా గుట్టకు పోవడం కూడా మానలేదు. కాంటా సరిగ్గా చదివేవాళ్లు ఇంకెవరూ లేరని నా నమ్మకం. చలికాలం వచ్చేసరికి జాబితాలో నా ముందు పదిమంది పోయి నేను మొదటికి వచ్చాను. అప్పటికే రెండుసార్లు నెత్తురు పడింది. రెండోసారి పడినప్పుడు సంగమ్మ చూసింది. బూడిద తెచ్చి పోసింది.

1954 మొదట్లో, సంక్రాంతి పోయిన తర్వాతి ఆదివారం తూకానికి పోయాను. ఎముకలు కొరికే చలి. మంచు ఇంకా గుట్ట దిగలేదు. వంట చేసి రోగులను చూసుకునే బీబమ్మ నాకు వేడి చాయ్ ఇచ్చి, "నువ్వే పండుకునెటట్టు ఉన్నవు గదయ్యా" అన్నది. మొగులప్ప అంతకు ముందు నెల తొంభై ఐదు. మూడు నెలలుగా నెలకొక పౌను కంటే ఎక్కువ పెరగలేదు. అతను గొంగడి కప్పుకునే వచ్చి కాంటా ఎక్కాడు.

"గొంగడి తియ్యరా."

"సలి బావా. దీని బరువు నీకు ఎరుకే గదా, తీసేస్కో."

ఎరుకే. మూడు పౌన్లు. నేను తూకపు గుళ్లు సర్దాను. నూట మూడు పౌన్ల రెండు ఔన్సుల దగ్గర కాంటా దండె నిలిచింది. మూడు తీసేస్తే నూరు పౌన్ల రెండు ఔన్సులు. మళ్లీ చూశాను. అదే.

"పన్నెండు దాటినవురా."

"మరి? బీబమ్మ పెట్టే గుడ్లన్నీ ఎటు పోతయ్?" అని అతను దిగాడు.

వారానికి రెండు రోజులు వికారాబాద్ నుంచి వచ్చే డాక్టరు ఆ రోజు అక్కడే ఉన్నాడు. హైదరాబాద్ మనిషి. రిజిస్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నెల రోజుల్ల ఐదు పౌన్లా? ఇంకో రెండు నెలలు ఉండనీ మియా. వాని ఊపిరి నాకు నచ్చుత లేదు."

"జ్వరం లేదు డాక్టర్ సాబ్. బరువు వచ్చింది. నియమం ప్రకారం పోవాలె."

"నీ నియమం కాంటాకు తెలుసు. ఊపిరితిత్తికి తెల్వదు."

"ఇయ్యాల వీనికి సడలిస్తె, రేపు అందరికి సడలియ్యాలె. నా బామ్మర్ది అని సడలిచ్చిండు అంటరు."

డాక్టరు నా ముఖంలోకి చూశాడు. జాబితాలో తర్వాత ఎవరని అడిగాడు. నేనే అన్నాను. ఆయన రిజిస్టరు మూసి నా చేతికిచ్చాడు. ఆ రోజు చూసినదంతా ఇక్కడ రాయలేదు. ఒకటి మిగిలింది. చివర రాస్తాను.

మూడో రోజు మొగులప్ప గడప బండ మీద అడుగు పెట్టి ఇంటికి పోయాడు. ఐదో రోజు అదే బండ మీదుగా నేను లోపలికి వచ్చి నాలుగో నంబరు మంచం మీద పడుకున్నాను.

మొదటి నెల గురించి ఎక్కువ చెప్పలేను. పడుకోవడమే మందు. పక్క మీద నుంచి లేవకూడదు, చెయ్యి పైకెత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు. రోజు విడిచి రోజు సూది. సూది పడిన మూడో వారం నుంచి చెవిలో ఎప్పుడూ ఈల మోగేది. రైలు ఈలేమో అనుకుని లేవబోయేవాణ్ని. ఎదురు మంచం ముసలాయన పొద్దస్తమానం దగ్గి, దగ్గు ఆగినప్పుడు నాకు క్షమాపణ చెప్పేవాడు. నేను కూడా చెప్పేవాణ్ని. భయం పగటి పూటే ఎక్కువ ఉండేది. పక్కవాడి అన్నం పళ్లెం ముట్టకుండా తిరిగి పోతుంటే, వాడి సంగతి కాదు, నా పళ్లెం ఎప్పుడు అట్లా తిరిగి పోతుందా అని చూసేవాణ్ని.

కాస్త తేరుకున్నాక డాక్టరు నడక మొదలుపెట్టించాడు. కొలత బండల్లో. "ఇయ్యాల ఆరు బండలు. రేపు ఎనిమిది." నేను గుర్తులు చూసుకుంటూ నడిచేవాణ్ని. కోడికాలు మనిషి గనిలోనే ఉన్నాడు. అడ్డగీతల మనిషి ఈ ఇంట్లోనే ఆరో నంబరులో పోయాడు. అట్లా మూడు వందల పదహారు మందినీ పలకరించుకుంటూ గడప దాకా పోవడానికి నాకు నలభై రోజులు పట్టింది.

ఆ నలభయ్యో రోజు మధ్యాహ్నం బీబమ్మ ఉమ్ము డబ్బాలు కడిగి వరండాలో వరసగా పెట్టింది. గాలికి మూతలు ఎగరకుండా ఒక్కో దాని మీద ఒక్కో రాతి ముక్క పెట్టింది. ఆరు ముక్కలు. ఆరూ ఒకే కొలత. అంచులు చెక్కి, గుచ్చుకోకుండా నున్నగా అరగదీసి ఉన్నాయి. ఉత్త రాయి ముక్క ఏదీ అట్లా ఉండదు.

"ఇవి ఎక్కడియి బీబమ్మా?"

"నీ బామ్మర్ది పరుపు కింద దొరికినయి. మంచిగున్నయి గదా అని తెచ్చుకున్న. పొద్దు పోక చెక్కుకున్నడేమో పాపం."

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. నాలుగు అంగుళాల పొడవు, మూడున్నర వెడల్పు, అర అంగుళం మందం. మా తాండూరు బండ అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉంటే పద్నాలుగు పౌన్లు తూగుతుంది. ఇది నేను నిద్రలో కూడా చెప్పగలను. ముక్కకు పదకొండు ఔన్సులు. ఆరింటికి నాలుగు పౌన్ల పైన ఔన్సో రెండో. ఆరూ వరసగా పేరిస్తే నడుముకు చుట్టే దట్టి మడతల్లో సరిగ్గా పడతాయి. లెక్క పూర్తయ్యాక నేను అక్కడే కూర్చుండిపోయాను. బీబమ్మ వచ్చి రెక్క పట్టి మంచం దాకా నడిపించింది. ఆ రోజు జ్వరం వచ్చింది.

మర్నాడు డాక్టరును పిలిపించి, నా మంచం మొగులప్పకు ఇవ్వమన్నాను. ఆయన ఆరు ముక్కలూ చూశాడు.

"నీ కుడి దిక్కు ఊపిరితిత్తిల రంధ్రం ఉంది. నువ్వు లేస్తె ఇద్దరు పోతరు. పండుకో."

సంఘానికి ఉత్తరం రాశాను. నా నియమం తప్పు, నా తూకం తప్పు, మొగులప్పను జాబితా చివర కాదు, ముందు పెట్టమని రాశాను. కార్యదర్శి స్వయంగా వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. జాబితాలో ఇంకా తొమ్మిది మంది ఉన్నారని, ప్రతి ఇంట్లోనూ ఒకరు దగ్గుతున్నారని చెప్పాడు. "వాళ్లకు నేనేం చెప్పాలె? నువ్వు జేసిన నియమమే గదా" అన్నాడు. కోపంగా అనలేదు. అయినా ఆయన పోయి ఆ తొమ్మిది ఇళ్లూ తిరిగాడు. ఎనిమిది ఇళ్లవాళ్లు మొగులప్పను ముందు పోనిమ్మన్నారు. తొమ్మిదో ఇంట్లో రోగం పడింది ఆ ఇంటి ఒక్కగానొక్క బిడ్డకు. ఆ తండ్రి ఒప్పుకోలేదు. ఆయన తప్పేమీ లేదు. ఆ అమ్మాయి తర్వాత మొగులప్ప వంతు అని తేలింది.

ఎండలు ముదిరే వేళకు మొగులప్ప నన్ను చూడటానికి వచ్చాడు. వరండాలో, గాలి వాటానికి అటు పక్కన కూర్చున్నాడు. భుజం ఎముకలు చొక్కాలో నుంచి కనబడుతున్నాయి. నేను ఆరు ముక్కలూ ఒక్కొక్కటే తీసి మధ్యలో పెట్టాను. వాటిని చూసి అతను గడ్డం గోక్కున్నాడు.

"పని మంచిగ కుదిరింది గదా బావా? అంచు చూడు."

"ఎందుకు చేసినవురా?"

"బీబమ్మ గుడ్లు తిని తిని యాష్ట వచ్చింది."

"మొగులప్పా."

అతను కాసేపు గుట్ట కింది రైలు దారి వైపు చూశాడు.

"అక్క వచ్చింది. పోయిన చలికాలం, రొట్టెలు పట్టుకొని. మీ బావ రెండు మాట్ల నెత్తురు కక్కిండు, ముంగట పేరు ఆయనదే, మంచం ఎప్పుడు ఖాళీ అయితదో అన్నది. నన్ను లేవమని అన్లే. అంటదా? నన్ను సాకింది ఆమె. ఏడుసుకుంట రొట్టె నోట్ల పెట్టి పోయింది."

"నీకు తగ్గలే. నీకు ఎరుకే."

"నాకు మంచిగనే అనిపిచ్చింది బావా. నిజం చెప్తున్న. ఐదు పౌన్లే గదా, ఇంటికాడ తింటె అవే వస్తయ్ అనుకున్న. ఇంత లెక్క నాకు గూడ వచ్చు" అని, దగ్గు ఆపుకుని, "నీకు ముగ్గురు పిల్లలు. నాకు లాలమ్మ ఒక్కతే. అది గట్టిది" అన్నాడు.

లాలమ్మ అతని భార్య. ఆమె గట్టిదో కాదో ఎవరూ ఆమెను అడగలేదు. నేను కూడా అడగలేదు.

"వంతు వస్తది. వస్తనే రా. జర పదిలంగా ఉండు" అన్నాను.

"వస్త. ఈసారి రాళ్లు లేకుంట వస్త" అని లేచాడు. గడప దాకా పోయి, తన బండ మీద నిలబడి, బొటనవేలితో మూడు గీతలనూ రుద్దాడు. "దుమ్ము పడ్తుంది. ఊడ్వమని చెప్పు బీబమ్మకు."

ఆ వారమే సంగమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో, ఇప్పటికీ తెలియదు. ఆమె మెట్టు మీద కూర్చుని విన్నది.

"నీ పుస్తకం నా తమ్ముని తిన్నది" అన్నది. కాసేపటికి, "నా నోరు గూడ తిన్నది" అన్నది.

ఆ తర్వాత కూడా పదిహేను రోజులకొకసారి తాండూరు నుంచి జొన్నరొట్టె, పప్పు తెచ్చేది. పక్కన పెట్టి, నా వైపు వీపు చేసి, నేను తినేదాకా కూర్చునేది. ఖాళీ గిన్నె చూసుకుని పోయేది. ఆ వేసవంతా అంతే.

తొలకరి పడ్డాక ఆ తొమ్మిదో ఇంటి అమ్మాయికి రెండో నంబరు దొరికింది. ఆ తర్వాత మూడు వారాలకు ఏడో నంబరు ఖాళీ అయ్యింది. తాండూరుకు కబురు పోయింది. నేను వరండాలో కూర్చుని గుట్టెక్కే జట్కాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు నాలుగు. రెండో రోజు వాన, ఒకటే. అందులో కూరగాయలు వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం మూడో జట్కాలో నుంచి లాలమ్మ దిగింది. ఒక్కతే దిగింది. చేతిలో ఈ ఇంటి పళ్లెం, గ్లాసు ఉన్నాయి. మొగులప్ప ఇంటికి పోయేటప్పుడు మూటలో పొరపాటున కలిసిపోయినవి.

ఆమె గడప బండ మీదికి ఎక్కలేదు. పక్క నుంచి చేయి చాపి పళ్లెం, గ్లాసు అరుగు మీద పెట్టింది.

"మంచం ఇంకెవలకన్న ఇయ్యిండ్రి అన్నా" అన్నది.

అదే జట్కాలో తిరిగి పోయింది.

నేను ఆ ఏడాది చివరిదాకా అక్కడే ఉన్నాను. నా బరువు పెరుగుతూ వచ్చింది. నెలనెలా ఇంకొకరు వచ్చి తూచేవారు. నేను అడిగి మార్పించిన పద్ధతి ప్రకారం ఒంటి మీద ఒక్క గోచీతో కాంటా ఎక్కాలి, ఎంత చలైనా సరే. బరువు వచ్చినా డాక్టరు ఊపిరి విని ఒప్పుకుంటేనే పోవాలి. నాకు నూట మూడు వచ్చిన నెలలో డాక్టరు ఇంకో మూడు నెలలు ఉండమన్నాడు. ఉన్నాను. ఇది చదివేవాళ్లలో ఈ రోగం పడ్డవాళ్లుంటే ఒక మాట. ఇప్పుడు మాత్రలు వచ్చాయి, ఇంట్లోనే వేసుకోవచ్చు. ఒంటికి కండ పట్టగానే, దగ్గు ఆగగానే మందు ఆపకండి. కండ ముందు వస్తుంది, రోగం తర్వాత పోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న నెలల్లోనే మనుషులు పోతారు.

ఇంటికి వచ్చాక పిల్లలు కొడంగల్ నుంచి తిరిగి వచ్చారు. చిన్న బిడ్డ నన్ను పోల్చుకోలేదు. సంగమ్మ నాకు వేరు పళ్లెం తీసేసి మామూలు పళ్లెంలో అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుంది. లాలమ్మ బండలు నునుపు చేసే కార్ఖానాలో పనికి చేరింది. మా ఇంటికి పిలిస్తే వచ్చేది, పని అందుకునేది, మంచినీళ్లు కూడా తాగకుండా పోయేది. పదేళ్లలో ఆ ముక్కల సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఈ ఏడు వేసవిలో గుట్ట మీది ఇల్లు మూసేశారు. మాత్రలు వచ్చాక మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరికి ఎనిమిదింటిలో రెండే నిండి ఉండేవి. మూసేముందు సంఘం ఒక తీర్మానం చేసింది. నేల బండలు అమ్మకూడదు. ఎవరి బండ వారికి, లేదా వారి ఇంటివాళ్లకు ఇచ్చేయాలి. గుర్తులు పోల్చి అప్పజెప్పే పని నాదే. నాలుగు రోజులు అక్కడే ఉండి లేపించాను. మూడు వందల పదహారులో రెండు పగిలాయి. మొగులప్పది పగలలేదు.

లాలమ్మ మూడో రోజు పొద్దున ఎడ్లబండి మాట్లాడుకుని వచ్చింది. ఇద్దరు మనుషులు గడప బండను లేపి బండిలో పెట్టారు.

"ఏం చేస్తవు చెల్లె దీన్ని?"

"బిందెలు పెట్టుకుంట. వాకిట్ల నీళ్ల కాడ అంత బురద అయితుంది."

అప్పుడు ఆమెను లోపలికి పిలిచాను. కాంటా ఇంకా మూలనే ఉంది. నా సంచిలో నుంచి ఆరు ముక్కలూ తీసి దాని మీద పెట్టాను. గుళ్లు సర్దాను. నాలుగు పౌన్ల రెండు ఔన్సులు. రిజిస్టరు తెరిచి ఆ పేజీ చూపించి, ఆ ఆదివారం ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అయిపోయాక ఆమె వంగి, ముక్కలన్నీ రెండు చేతుల్లోకి తీసుకుని పైకీ కిందికీ ఆడించి చూసింది.

"గింతేనా?" అన్నది.

నేను కాంటా గుళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను.

"రాళ్లు కట్టుకున్న అని చెప్పిండు అన్నా. నాకు ఎరుకే. ఎంత బరువుండెనో అని ఇన్నేండ్ల సంది అనుకుంటున్న. మనిషిని తీస్కపోయిందంటె పెద్ద గుండు రాయంత ఉంటదనుకున్న."

ఆమె వాటిని కొంగున మూట కట్టి ఎడమ పక్కన దోపుకుంది. కొంగు ఆ పక్కకు బిగిసి, నిట్టనిలువుగా వేలాడింది. బరువున్న గుడ్డ అట్లా వేలాడుతుంది. కొలతగాడికి అది తెలుసు. పదేళ్ల కిందట మొగులప్ప కాంటా దిగుతుంటే గొంగడి తొలగి, చొక్కా కింద దట్టి ఎడమ కొస అచ్చం అట్లాగే వేలాడింది. నా కన్ను దాని మీద పడింది. ఒక్క క్షణమే. ఆ పొద్దున నేను మళ్లీ నెత్తురు కక్కి వచ్చాను. నేను కలం ముంచి నూరు పౌన్ల రెండు ఔన్సులు అని రాశాను.

"చెల్లె" అన్నాను. ఆమె అప్పటికే వాకిట్లోకి దిగింది. "ఆ దినం నేను చూసిన."

లాలమ్మ బండి చక్రం మీద చెయ్యి పెట్టి నిలబడింది. నా వైపు తిరగలేదు.

"అది గూడ చెప్పిండు అన్నా. 'బావ చూసిండు. చూసి రాసుకున్నడు. ఇగ బతుకుతడు' అని నవ్విండు."

బండి గుట్ట దిగి కనబడకుండా పోయేదాకా నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి రిజిస్టరు ముందు కూర్చున్నాను. ఆ వరసలో నూరు పౌన్ల రెండు ఔన్సులు కొట్టేసి, తొంభై ఆరు అని రాశాను. పక్కన నాలుగో గడి, విశేషాలు, పదేళ్లుగా ఖాళీగా ఉంది. అందులో ఒక్క మాట రాశాను.

చూశాను.